అవుటైనప్పుడు నవ్వచ్చా?

నలభై తొమ్మిదేళ్ళ వయసులో, మోకాలికి పట్టీ బిగించుకుని, తలకి టోపీ పెట్టుకుని, గురువారం సాయంత్రం సరిగ్గా వంటింట్లో కుక్కరు కూతపెట్టే వేళకి కారు తాళాలు పుచ్చుకుని బయల్దేరితే ఇంట్లో పెద్దవాళ్ళు ఏమంటారు? మా అత్తయ్య ఏమీ అనలేదు. గుమ్మందాకా వచ్చి, నా చేతిలో ఉన్న తోలు గ్లవుని తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "దీనివల్ల ఏమొస్తుందమ్మా?" అని మాత్రం అడిగింది. అందులో దెప్పిపొడుపు లేదు. బజార్లో కొత్తరకం కూర కనిపిస్తే 'దీన్ని ఎలా వండుకుంటారు?' అని అడుగుతామే, అలా తెలుసుకుందామనే అడిగింది.

నాకు జవాబు తోచలేదు. "ఏమీ రాదత్తయ్యా" అన్నాను.

"సరే అయితే, వెళ్ళిరా. చారు నేను పెడతాలే" అంది.

ఏమీ రాని ఈ పని పేరు సాఫ్ట్‌బాల్. మేముండేది అమెరికాలో, చికాగో నగరం శివార్లలో. ఈ ఆట పుట్టింది ఈ ఊళ్ళోనే. పుట్టిన వైనం విన్నాక, అత్తయ్యకి నేనిచ్చిన జవాబు అంత తప్పేమీ కాదనిపించింది. 1887 నవంబరులో, థాంక్స్‌గివింగ్ పండగనాడు, ఇక్కడి ఫారగట్ బోట్ క్లబ్బులో కొందరు పెద్దమనుషులు చేరి, హార్వర్డ్, యేల్ విశ్వవిద్యాలయాల మధ్య జరుగుతున్న ఫుట్‌బాల్ ఆట ఫలితం ఎప్పుడొస్తుందా అని కాచుక్కూచున్నారట. యేల్ గెలిచిందని కబురొచ్చింది. ఆ సంబరంలో యేల్ పక్షం ఆయన ఒక బాక్సింగ్ గ్లవు తీసి హార్వర్డ్ పక్షం ఆయన మీదికి విసిరాడు. ఆయన చేతిలో ఉన్న కర్రతో దాన్ని ఠపీమని తిప్పికొట్టాడు. పక్కనే ఉన్న జార్జ్ హాంకాక్ అనే ఆయనకి ఇదేదో ఆడుకోవడానికి బావుందనిపించింది. గ్లవుని తాడుతో బంతిలాగా చుట్టబెట్టి, గది నేలమీద సుద్దతో గీతలు గీసి, అందరూ కలిసి ఆడేశారు. ఆ మొదటి ఆట 41-40 తో ముగిసిందని చెబుతారు.

మీసాలొచ్చిన మగవాళ్ళు పండగపూట ఇంట్లో పెళ్ళాలకి సాయం చెయ్యకుండా క్లబ్బులో చేసిన అల్లరి ఇది. అయినా నాకు ఆశ్చర్యం అల్లరి గురించి కాదు. ఆట 41-40 దాకా వచ్చిందంటే ఎవరో ఒకరు శ్రద్ధగా పరుగులు లెక్కపెట్టారన్నమాట! అయిదు నిమిషాల కిందట అసలు లేని ఆట అది. ఎందుకు లెక్కపెట్టాలి? నాకీమధ్య నిద్రపట్టనివ్వని ప్రశ్న అదే. ఏ ప్రాముఖ్యమూ లేని పనిని ఎంత శ్రద్ధగా చెయ్యాలి?

ఆట వివరాలు చెప్పి మిమ్మల్ని విసిగించను. క్రికెట్‌కి దూరపు చుట్టం అనుకోండి. ఒకరు బంతి వేస్తారు, ఒకరు కర్రతో కొడతారు, కొట్టినవాళ్ళు నాలుగు మూలలూ చుట్టి ఇంటికొస్తే ఒక పరుగు. మంచి బంతులు మూడు పోగొట్టుకుంటే అవుట్. బంతి వేసే మనిషి నాలుగు చెడ్డ బంతులు వేస్తే, కొట్టేవాళ్ళకి ఊరికే మొదటి మూల దక్కుతుంది. దాన్ని 'వాక్' అంటారు. అంటే హాయిగా నడుచుకుంటూ వెళ్ళడం. ఈ మాట కాస్త గుర్తుపెట్టుకోండి, తరవాత పనికొస్తుంది.

సాఫ్ట్‌బాల్ అంటే మెత్తని బంతి. ఆ పేరు 1926 లో వాల్టర్ హాకన్సన్ అనే ఆయన సూచించాడు. ఆయనకి ఏ బంతి తగిలిందో గాని, నాకు తగిలేది మాత్రం మెత్తగా ఉండదు. చుట్టుకొలత 12 అంగుళాలు, బరువు 180 గ్రాముల పైమాట, పిచ్చి పసుపురంగు. మంచి దానిమ్మకాయొకటి మీ మోకాలి చిప్పని వెతుక్కుంటూ వస్తోందనుకోండి, అదన్నమాట. చికాగో పాతకాపులు ఇప్పటికీ 16 అంగుళాల పెద్దబంతితో, గ్లవులు లేకుండా ఒట్టి చేతులతో ఆడతారు. కొందరి వేళ్ళు చూస్తే అల్లంకొమ్ములు గుర్తొస్తాయి.

ఇందులో రెండు రకాలున్నాయి. నెమ్మది రకంలో బంతిని మనిషి తలకన్నా ఎత్తుగా, ఇంద్రధనుస్సులా వంపు తిరిగేలా వెయ్యాలి. నాలాంటివాళ్ళం ఆడేది అది. వేగం రకంలో చెయ్యి భుజం నించి గడియారం ముల్లులా పూర్తి చక్రం తిరిగి, తుంటి దగ్గరికి వచ్చేసరికి మణికట్టు విదిలించి బంతి వదలాలి. ఆడపిల్లలు బళ్ళల్లోనూ కాలేజీల్లోనూ ఆడేది అది. గురువారాలు నేను మొదటిది ఆడతాను. శనివారాలు పన్నెండేళ్ళ లోపు పిల్లలకి రెండోది, అందులోనూ బంతి వెయ్యడం మాత్రమే, నేర్పుతాను. రెండింటికీ జీతం లేదు. పైగా గురువారం దానికి మనమే చందా కట్టుకోవాలి.

ఏప్రిల్‌లో మొదలవుతుంది సీజను. చికాగోలో ఏప్రిల్ అంటే మన మాఘమాసం కూడా దాని ముందు దిగదుడుపే. స్వెట్టరు మీద జట్టు చొక్కా తొడుక్కుని, వేళ్ళు ఊదుకుంటూ ఆడతాం. మే నెలకి గడ్డి పచ్చబడుతుంది. జూన్ వచ్చేసరికి రాత్రి ఎనిమిదిన్నర దాకా వెలుతురు ఉంటుంది. ఆ వెలుతురు కోసమే నేను ఆడతానేమో అనిపిస్తుంది ఒక్కోసారి. మైదానం అంచుల్లో దోమలు, ఎవరో కాలుస్తున్న మొక్కజొన్నకండెల వాసన, తడిసిన ఎర్రమట్టి, తోలు గ్లవులో బంతి పడినప్పుడు వచ్చే 'ఠప్' మన్న చప్పుడు. ఆ రెండు గంటలూ నేను ఎవరికీ అమ్మని కాను, కోడల్ని కాను, ఆఫీసులో లెక్కలు చూసే మనిషిని కాను. కుడివైపు గడ్డిలో నించుని, బంతి నావైపు రాకూడదు దేవుడా అని దణ్ణం పెట్టుకునే ప్రాణిని.

మా గురువారం జట్టులో ఇద్దరు నర్సులున్నారు, స్కూలు బస్సు నడిపే ఆవిడుంది, పోస్టాఫీసులో పనిచేసే ఆవిడుంది. మూడో మూల దగ్గర నించునే ఆవిడకి అరవైమూడేళ్ళు. తుంటిఎముకకి ఆపరేషనయింది. పరిగెత్తలేదు గాని, తన పక్కనించి బంతిని పోనివ్వదు.

నేను జట్టులో చేరిన మొదటి ఏడు, అవుటైనప్పుడల్లా నవ్వేదాన్ని. చిన్న నవ్వు కాదు, తల వెనక్కి వాల్చి, కర్ర భుజాన వేసుకుని, 'చూశారా నా ఘనకార్యం' అన్నట్టు అందరివైపూ చూసి మరీ నవ్వేదాన్ని. అందరూ నాతోపాటు నవ్వేవారు. సరదా మనిషినని పేరు కూడా వచ్చింది. ఒకరోజు అలాగే నవ్వుతూ వచ్చి బల్లమీద కూలబడితే, ఈ మూడోమూల ఆవిడ పక్కకి జరిగి చోటిచ్చి, నెమ్మదిగా, "నువ్వెందుకు నవ్వుతావు?" అంది.

"ఆటే కదా!" అన్నాను.

"అవును, ఆటే. అందుకే అడుగుతున్నాను. నీకు పట్టనప్పుడు మేమంతా ఇక్కడికి ఎందుకొచ్చినట్టు?"

ముఖం మీద నీళ్ళు కొట్టినట్టయింది. ఇంటికొస్తూ దారి పొడుగునా ఆవిణ్ణి తిట్టుకున్నాను. గెలుపు కోసం పడిచచ్చే జాతి వీళ్ళది అనుకున్నాను. మనవాళ్ళకైతే ఇలాంటి యావ ఉండదనుకున్నాను. ఇంటికొచ్చేసరికి మనవాళ్ళలో ఒకరు హాల్లో చాపమీద అష్టాచెమ్మా పరుచుకుని కూచుని ఉన్నారు.

అత్తయ్యకి డెబ్భై ఎనిమిదేళ్ళు. ఇండియా నించి వచ్చేటప్పుడు పెట్టెలో మందుల కన్నా ముందు నాలుగు గవ్వలు సర్దుకుంది. అట్టముక్కమీద అయిదు గళ్ళూ అయిదు గళ్ళూ గీసి, చింతపిక్కలూ పెసరగింజలూ కాయలుగా పెట్టుకుని, మా వారితోనో నాతోనో రోజూ ఒక ఆట ఆడుతుంది. ఆ రాత్రి నాతో ఆడింది. ఆవిడ కాయ నా కాయ ముందు సరిగ్గా నాలుగు గళ్ళ దూరంలో ఉంది. నాకు చెమ్మా పడింది. చంపేస్తే ఆవిడ కాయ మళ్ళీ మొదటికి పోతుంది. పెద్దావిడ, ఏదో పొద్దుపోక ఆడుతోంది, ఎందుకులే అని చూడనట్టు వేరే కాయ జరిపాను.

ఆవిడ ఒక్క క్షణం నావైపు చూసి, చేత్తో గవ్వలన్నీ ఒకచోటికి ఊడ్చేసింది. "దయతలిచి ఆడేటట్టయితే నాకు ఆటొద్దమ్మా" అని లేచిపోయింది.

ఒక్కరోజులో ఇద్దరు! ఒకావిడకి తెలుగు రాదు, ఒకావిడకి ఇంగ్లీషు రాదు. ఇద్దరూ ఒకటే మాటన్నారు.

అప్పుడు కూచుని ఆలోచించాను. నేను నవ్వేది సంతోషంతో కాదు. అదొక గొడుగు. వాన పడకముందే వేసుకునేది. 'నేను నిజంగా ప్రయత్నించలేదు కాబట్టి, నిజంగా ఓడిపోలేదు' అని లోకానికి ముందే చెప్పుకోవడం. ఈ విద్య మన ఆడవాళ్ళకి చిన్నప్పటినించీ అలవాటే. పేరంటంలో పాట పాడమంటే 'అబ్బే, నా గొంతు బాగాలేదండీ' అని నాలుగుసార్లు అనిపించుకోకుండా ఎవరు పాడతారు? కూర వడ్డిస్తూ 'ఇవాళ ఉప్పు ఎక్కువైందేమో' అంటాం, రుచి చూసే ఉంటాం అప్పటికి. కారు నేర్చుకున్నా, కంప్యూటరు నేర్చుకున్నా, మన తప్పులమీద మనమే ముందుగా ఒక జోకు వేసి పెట్టుకుంటాం. వినయం అంటారు దీన్ని. కొంత వినయమే. కాని చాలామటుకు భయం. మనసుపెట్టి చేశాం అని తెలిస్తే, ఆ తరవాత రాకపోతే ఎంత సిగ్గు!

ఫలితం మీద ఆశ పెట్టుకోవద్దని మనకి పెద్దలు చెప్పిన మాట ఉంది. గొప్ప మాటే. కాదనడానికి నేనెవర్ని? అయితే ఆటలోకి వచ్చేసరికి ఆ మాట ఎలా వర్తిస్తుందో నాకు ఎంతకీ బోధపడేది కాదు. గెలవాలని లేకపోతే ఆటే లేదు. ఇద్దరూ 'గెలుపెవరిదైతేనేం' అని కూచుంటే గవ్వలు వెయ్యడం దేనికి? ఆ గంటసేపూ ప్రపంచంలో అంతకన్నా ముఖ్యమైంది లేదన్నట్టు ఆడాలి. గంట అయ్యాక అట్ట మడిచి బీరువామీద పెట్టేసి మజ్జిగ కలుపుకోవాలి. అత్తయ్య ఈ రెండూ అతి తేలిగ్గా చేస్తుంది. నాకే ఒకటి వస్తే ఒకటి రాదు. నా విషయంలో మొదటిది రాదు. పిల్లల విషయంలో రెండోది రాదు.

ఆ రెండోది చెప్పడం కష్టం. అయినా చెబుతాను.

నాకు ఈ ఆట పరిచయమైంది మా అమ్మాయివల్ల. ఎనిమిదో ఏట ఊళ్ళో పిల్లల జట్టులో చేరింది. బంతి వెయ్యడం బాగా వచ్చింది. దానికి సాయం చేద్దామని నేనూ పుస్తకాలు తిరగేశాను, వీడియోలు చూశాను, వేసవిలో పెట్టే శిక్షణ తరగతులకి వెళ్ళాను. మడతపెట్టిన మేజోళ్ళని గోడకేసి కొట్టించి మణికట్టు విదిలించడం నేర్పాను. వాకిట్లో సుద్దతో తిన్నగా గీత గీసి, దానిమీదే అడుగు పడాలనీ, వెనకకాలు నేలని రాసుకుంటూ రావాలనీ చెప్పాను. బంతులు మోసుకెళ్ళే బకెట్టుంటుంది, దానికి మెత్తని మూత. దాన్ని బోర్లించినట్టు పెట్టుకుని, దానిమీద కూచుని, ఎన్ని సాయంత్రాలు ఆ పిల్ల వేసిన బంతులు పట్టానో! నా జీవితంలో అంత సుఖంగా ఇంకెక్కడా కూచోలేదు.

ఆట అయ్యాక కారులో ఇంటికి రావడం ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాలూ నేను మాట్లాడేదాన్ని. మూడో ఇన్నింగ్సులో భుజం ముందే తెరుచుకుంది, అయిదోదాంట్లో బంతి ఎత్తుగా పోయింది, ఫలానా పిల్లకి లోపలివైపు వెయ్యకుండా ఉండాల్సింది. అన్నీ నిజాలే. అన్నీ ప్రేమతోనే. పదమూడో ఏట ఒక ఆటలో వరసగా వాకులిస్తోంటే నేనే వెళ్ళి దాని చేతిలోంచి బంతి తీసేసుకున్నాను. మారుమాట లేకుండా ఇచ్చేసింది. ఆ రోజు కారులో యథాప్రకారం నేను మొదలుపెడితే, కిటికీలోంచి చూస్తూ, "అమ్మా, ఆట అయిపోయింది. నువ్వింకా ఆడుతున్నావు" అంది.

మరుసటి ఏడు పేరు ఇవ్వనంది. కారణం అడిగితే చదువు అంది. నేను నమ్మినట్టు ఊరుకున్నాను. బకెట్టు గరాజులో అటకెక్కింది.

రెండేళ్ళ తరవాత ఊళ్ళో జట్టువాళ్ళు, మీకు నేర్పడం వచ్చు కదా, రండి అని పిలిస్తే వెళ్ళాను. పరాయి పిల్లలైతే నాకు అంత పట్టదులే, హాయిగా నేర్పచ్చు అనుకున్నాను. ఎంత తప్పు! పిల్లలు పరాయివాళ్ళు గాని, నా గుండె నాదే కదా.

జపాను దేశంలో యుకికో ఉయెనో అని ఒక క్రీడాకారిణి ఉంది. మా పిల్లలకి ఆవిడ కథ తరచు చెబుతాను. 2008 బీజింగ్ ఒలింపిక్సులో రెండు రోజుల్లో మూడు ఆటలు ఆడి మొత్తం 413 బంతులు వేసింది. జపానుకి బంగారు పతకం తెచ్చిపెట్టింది. కాని అప్పటికే, 2005 లోనే, ఒలింపిక్స్ పెద్దలు ఓట్లు వేసి ఈ ఆటని 2012 నించి తీసేశారు. లోకం కూడబలుక్కుని 'నీ ఆట అంత ముఖ్యమైంది కాదు' అంటే మనిషి ఏం చెయ్యాలి? ఆవిడ ఆడుతూనే ఉంది. పదమూడేళ్ళ తరవాత, 2021 లో టోక్యోలో మళ్ళీ ఆట పెట్టినప్పుడు, ముప్ఫై తొమ్మిదేళ్ళ వయసులో వచ్చి అమెరికాతో చివరి ఆటలో బంతి పట్టుకుంది. మధ్యలో తనకన్నా చాలా చిన్నపిల్లకి బంతి ఇచ్చి పక్కకి వెళ్ళి, ఆఖరి ఇన్నింగ్సులో తిరిగొచ్చి ముగించింది. జపాను 2-0 తో గెలిచింది. క్రికెట్‌లో లేని సదుపాయం ఒకటి ఈ ఆటలో ఉంది. మొదట ఆడినవాళ్ళు బయటికి వెళ్ళినా, ఒకసారి తిరిగి రావచ్చు. (పారిస్‌లో 2024 లో మళ్ళీ ఆట తీసేశారు. 2028 లో మళ్ళీ పెడుతున్నారు. ఒలింపిక్స్ పెద్దలు గుమ్మంలోనూ వీధిలోనూ కాకుండా నించున్నారు.)

ఇక ఈ ఏటి సంగతి. పోయిన సీజనులో చివరి ఆట. మేం 6, అవతలివాళ్ళు 5. ఆఖరి ఇన్నింగ్సు. బంతి వేస్తున్న పిల్లకి పదకొండేళ్ళు, ముఖమంతా చిన్నచిన్న మచ్చలు, పొట్టి జడ. ముగ్గురికి వరసగా వాకులిచ్చింది. మూడు మూలలూ నిండిపోయాయి. ఇంకో వాకిస్తే సమం, రెండిస్తే ఓటమి. ఇంకా బాగా వెయ్యగల పిల్ల ఒకతె పక్కన సిద్ధంగా చేతులు కదుపుకుంటోంది. పెద్దకోచ్ నావైపు చూశాడు. బంతి వేసేవాళ్ళ సంగతి నాదే కదా.

మైదానంలోకి నడిచాను. ఆ పిల్ల నన్ను చూసి బంతిని వెనక్కి దాచుకుంది. గిన్నెలో ఆఖరి జంతిక దాచుకున్నట్టు. "నేనే వేస్తాను" అంది. పెదవి వణుకుతోంది.

నలభై అడుగుల దూరంలో కర్ర పుచ్చుకుని ఇంకో పిల్ల నించుని ఉంది. మా పిల్లలు పదకొండుమంది నావైపే చూస్తున్నారు. వాళ్ళూ రెండున్నర నెలలు ఎండలో మాడారు. వాళ్ళకి గెలవాలని ఉండదా? ఈ ఒక్కదాని పంతం కోసం వాళ్ళ గెలుపు పణంగా పెట్టే హక్కు నాకెవరిచ్చారు? బంతి తీసుకుంటే ఈ పిల్ల ఏమవుతుందో నాకు బాగా తెలుసు. తీసుకోకపోతే ఏమవుతుందో తెలియదు. అబద్ధమెందుకు, ఆ క్షణంలో నా కళ్ళముందు ఉన్నది ఆ పిల్ల కాదు. మా అమ్మాయి. మారుమాట లేకుండా చాపిన ఆ చెయ్యి.

"వెనకకాలు రాసుకుంటూ రానియ్యి" అని మాత్రం చెప్పి వెనక్కి తిరిగాను.

వాక్. ఆరూ ఆరూ. మరో వాక్. ఏడు.

ఆ పిల్ల వచ్చి గ్లవులో ముఖం దాచుకుని ఏడ్చింది. 'పరవాలేదు తల్లీ, ఆటే కదా' అన్న మాట నాలికచివరిదాకా వచ్చింది. మింగేశాను. ఏడుపుకి తగ్గ విషయమే అది. కాదనడం నా పాత నవ్వులాంటిదే. పక్కన బకెట్టుమీద కూచున్నాను. అది పూర్తిగా ఏడ్చింది. పది నిమిషాల తరవాత పుల్లఐసు చీకుతూ, మోచెయ్యి దాకా కారుతోంటే నాక్కుంటూ, "శరత్కాలంలో కూడా ఆట ఉంటుందా?" అని అడిగింది.

ఇది ఇక్కడితో అయిపోతే నాకు బాగానే ఉండేది. కారు దగ్గరికి వెళ్తోంటే, పక్కన సిద్ధంగా ఉన్న పిల్ల ఉంది చూశారూ, వాళ్ళమ్మ ఎదురొచ్చింది. గట్టిగా మాట్లాడలేదు. "మీరు ఒక పిల్లకి మంచి చేశారు. మిగతా పిల్లల సంగతి ఎవరు చూస్తారు? మా అమ్మాయి అడిగితే ఏం చెప్పను, దాన్ని ఎందుకు పిలవలేదని?" అంది.

నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. ఆవిడ అన్నది సగం నిజం కాదు, మొత్తం నిజమే. నేను చేసిందీ తప్పని అనుకోలేకపోతున్నాను. ఒక పిల్ల పట్ల పెద్దమనసు చూపించడానికి, ఇంకొక పిల్ల పట్ల చూపించాల్సింది ఖర్చు పెట్టేశానేమో. లేకపోతే ఇద్దరి పట్లా కాదు, ఆరేడేళ్ళ కిందటి నా తప్పుని ఇప్పుడు పరాయి పిల్లల గెలుపుతో దిద్దుకున్నానేమో. మంచిపని చేశానని అనుకున్నప్పుడల్లా ఈ రెండో అనుమానం వచ్చి పక్కన కూచుంటుంది.

ఇంటికొచ్చాను. అత్తయ్య ఉల్లిపాయలు తరుగుతోంది.

"గెలిచారా?"

"లేదత్తయ్యా. ఓడిపోయాం."

"ఎవరివల్ల?"

"నావల్లే."

ఆవిడ ఒకసారి తలెత్తి చూసింది. "కాళ్ళు కడుక్కో. వంకాయ అల్లంపచ్చిమిర్చి పెట్టి కూరి వండాను" అంది. తరవాత దాని ఊసెత్తలేదు. నాకు ఆ వంకాయకూర రుచి తెలియలేదు. రెండోది రాదని చెప్పాను కదా.

గురువారాలు మాత్రం కొంత బాగుపడ్డాను. అవుటైతే నవ్వడం మానేశాను. మొదట్లో ముఖం ఎలా పెట్టుకోవాలో తెలిసేది కాదు. సిగ్గుతో చెవులు వేడెక్కేవి. విచిత్రం ఏమిటంటే, ఆ సిగ్గు వచ్చాకే బంతి తగిలినప్పటి సంతోషం కూడా వచ్చింది. జూన్‌లో ఒకరోజు నా దెబ్బకి బంతి మొదటి మూల మీదుగా ఎగిరి గడ్డిలో పడింది. పరిగెత్తి మూలకి చేరి చూసుకుంటే, కళ్ళల్లో నీళ్ళు. మూడోమూల ఆవిడ బల్లమీదనించే రెండు చేతులూ ఎత్తి ఊపింది. అదేమీ గొప్ప దెబ్బ కాదు. ఆ ఆట కూడా ఓడిపోయాం.

జులై చివర్లో మా అమ్మాయి సెలవులకి వచ్చింది. ఇరవయ్యో ఏడు నడుస్తోంది. గరాజులో ఏదో వెతుక్కుంటోంటే బకెట్టు కంటపడినట్టుంది. సాయంత్రం ఆరుంబావుకి, నేను మొక్కలకి నీళ్ళు పోస్తోంటే, బకెట్టు తెచ్చి గడ్డిలో పెట్టింది. తన పాత గ్లవు చేతికి పట్టడం లేదు. నాది తీసుకుంది.

"పది బంతులు. మాట్లాడకూడదు" అంది.

బకెట్టుమీద కూచున్నాను. ఒట్టి చేతులకి దెబ్బ తగులుతుందని తువ్వాలు చుట్టుకున్నాను. మొదటి బంతి కంచె దాటి పక్కింటివాళ్ళ టమేటా మొక్కల్లో పడింది. రెండోది నేలకి కొట్టుకుంది. మూడోదానికి వెనకకాలు గాల్లోకి లేవడం చూశాను. భుజం ముందే తెరుచుకుంటోంది. నోరు తెరిచాను, మూశాను. నాలుగు, అయిదు. ఆరోది తువ్వాల్లో ఠప్పున పడింది. అరచెయ్యి చురుక్కుమంది. ఎవరూ ఏమీ అనలేదు. వంటింటి కిటికీలోంచి అత్తయ్య చూస్తోంది.

పదోది వేసింది. బంతి నా చేతిలో ఉంది. అది అక్కడే నించుని, నుదుటిమీది జుట్టు వెనక్కి తోసుకుని, ఏమీ అనకుండా గ్లవు ముందుకి చాపింది. లెక్క మరిచిపోయినదానిలా బంతి తిరిగి విసిరాను.